నియమావళి నుంచి దేశభాషకు: వించెస్టర్ బిషప్ ఎథెల్‌వోల్డ్ మఠ సంస్కరణ

క్రీ.శ. 10వ శతాబ్దపు ఇంగ్లండు మఠ సంస్కరణను చరిత్రకారులు ముగ్గురి పేర్లతో ముడిపెట్టి చెబుతారు: కాంటర్‌బరీ ఆర్చిబిషప్ డన్‌స్టన్, వూస్టర్ బిషప్ ఓస్వాల్డ్, వించెస్టర్ బిషప్ ఎథెల్‌వోల్డ్. వీరిలో కఠినుడన్న పేరు ఎథెల్‌వోల్డ్‌కే దక్కింది. పునీత బెనెడిక్టు లాటిన్ నియమావళిని ఇంగ్లీషులోకి అనువదించినవాడూ అతడే. ఈ రెండింటినీ విడివిడిగా చూసినంతకాలం అతని పాత్ర సగమే అర్థమవుతుంది.

వించెస్టర్‌లో పుట్టిన ఎథెల్‌వోల్డ్ యౌవనంలో ఎథెల్‌స్టన్ రాజు కొలువులో గడిపాడు. తరువాత గ్లాస్టన్‌బరీలో డన్‌స్టన్ వద్ద మఠ దీక్ష స్వీకరించాడు. మరింత శాస్త్రోక్తమైన మఠజీవితం కోసం సముద్రం దాటి వెళ్లదలచిన అతన్ని వదులుకోవడం ఇష్టంలేక, ఈడ్రెడ్ రాజు శిథిలావస్థలో ఉన్న ఆబింగ్‌డన్ మఠాన్ని అప్పగించాడు. తాను కదలలేని ఎథెల్‌వోల్డ్, ఓస్‌గార్ అనే శిష్యుణ్ణి ఫ్రాన్సులోని ఫ్లూరీ మఠానికి పంపి అక్కడి ఆచారాన్ని నేర్చుకు రమ్మన్నాడు.

963లో వించెస్టర్ బిషప్పు అయిన మరుసటి సంవత్సరమే అతడు ఓల్డ్ మిన్‌స్టర్ దేవాలయంలోని గురువులను వెళ్లగొట్టి, ఆబింగ్‌డన్ మఠవాసులను వారి స్థానంలో నిలిపాడు. పోపు అనుమతి ముందే లభించింది. ఎడ్గర్ రాజు తన ఉద్యోగిని వెంట పంపాడు. దీక్ష తీసుకోవడమో, వెళ్లిపోవడమో తేల్చుకోవలసిందని గురువులను అడిగారు. వారు వెళ్లిపోయారు, ముగ్గురు మాత్రం తరువాత తిరిగివచ్చి మఠవాసులయ్యారు. వెళ్లిపోయినవారు భోగలాలసులనీ, వివాహితులనీ శిష్యుడు వుల్ఫ్‌స్టన్ రాసిన ఎథెల్‌వోల్డ్ జీవితచరిత్ర చెబుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఆరోపణలన్నీ గెలిచిన పక్షం కలం నుంచి వచ్చినవే. ఓడినవారి మాట వాటిలో వినిపించదు. భార్యాబిడ్డలతో కాపురమున్న గురువు ఆనాటి ఇంగ్లండులో అరుదైన దృశ్యం కాదు. పైగా ఇది భూముల వ్యవహారం కూడా. ఎవరికి వారు అనుభవించే ఆదాయం మఠపు ఉమ్మడి ఆస్తిగా మారింది. 975లో ఎడ్గర్ మరణించగానే కొందరు ప్రభువులు మఠాల మీద తిరగబడటానికి భక్తిలోపం ఒక్కటే కారణమనడం అమాయకత్వమే.

970ల తొలినాళ్లలో వించెస్టర్ సభ ఇంగ్లండు మఠాలన్నింటికీ ఒకే ఆచారాన్ని విధించింది. ఆ ఆచారాన్ని వివరించే లాటిన్ గ్రంథం ‘రెగ్యులారిస్ కాంకార్డియా’ ఎథెల్‌వోల్డ్ రచనే అని పండితుల అభిప్రాయం. అందులో రాజు, రాణుల కోసం చేసే ప్రార్థనలకున్న చోటు చూస్తే మఠమూ సింహాసనమూ ఎంతగా పెనవేసుకున్నాయో తెలుస్తుంది.

అయితే నియమాన్ని విధించడం వేరు, అర్థం చేయించడం వేరు. లాటిన్ రాకుండా మఠంలో చేరేవారు ఆ నియమావళిని ఎలా పాటిస్తారు? అనువాదం పుట్టింది ఈ అవసరం నుంచే. దీనికి ప్రతిఫలంగా ఎడ్గర్, రాణి ఎల్ఫ్‌త్రిత్ సడ్‌బోర్న్ భూమిని ఇచ్చారని ఈలీ మఠ చరిత్ర చెబుతుంది. అతనిదే అని భావిస్తున్న ఒక ఇంగ్లీషు రచన ఈ అనువాదాన్ని సమర్థిస్తుంది: మనిషి సత్యవిశ్వాసానికి ఏ భాష ద్వారా చేరాడన్నది ముఖ్యం కాదు, చేరడమే ముఖ్యం అన్నది అందులోని వాదం. గురువులను నిర్దాక్షిణ్యంగా గెంటివేసిన బిషప్పే చదువురానివారి పట్ల ఇంత ఉదారంగా వాదించడం మొదట వింతగా తోస్తుంది. నిజానికి రెండింటి వెనుక ఉన్నది ఒకే పట్టుదల: నియమం తెలియదనే సాకు ఎవరికీ మిగలకూడదు.

ఈ పట్టుదల భాషలోకీ పాకింది. లాటిన్ గ్రంథాలను కుర్రవాళ్లకు ఇంగ్లీషులో విప్పిచెప్పడం అతనికి ప్రీతిపాత్రమని వుల్ఫ్‌స్టన్ రాశాడు. ఒక లాటిన్ మాటకు ఒక నిర్ణీత ఇంగ్లీషు మాటను ఎంచుకునే అలవాటు వించెస్టర్ రచనల్లో కనిపిస్తుందని 1972లో హెల్ముట్ గ్నాయిస్ చూపాడు. ‘ఎక్లేసియా’ అన్న మాట విశ్వాసుల సమాజాన్ని సూచించినప్పుడు, కట్టడానికి వాడే ‘చిరిచె’ను విడిచి ‘యెలాథుంగ్’ అనడం దీనికి ఉదాహరణ. మఠాలన్నింటికీ ఒకే ఆచారం కోరినవాని బడిలో పదాలకూ ఒకే ప్రమాణం ఏర్పడటం కాకతాళీయం కాదేమో.

984 ఆగస్టు 1న ఎథెల్‌వోల్డ్ మరణించాడు. తరువాత కొన్నేళ్లకు అతని శిష్యుడు ఎల్ఫ్రిక్ లాటిన్ వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రచించాడు. తన వివరణలు కొందరికి నచ్చకపోవచ్చునని పీఠికలో ఒప్పుకుంటూనే, ఎథెల్‌వోల్డ్ పాఠశాలలో తాము నేర్చుకున్న తీరు ఇదేనని అక్కడే చెప్పుకున్నాడు.