శిస్తు, వడ్డీ, గింజ, గుడ్డ

2000లో డాట్‌కామ్ బుడగ పేలింది. 2008లో లేమాన్ బ్రదర్స్ మునిగింది. 2020లో కరోనా వచ్చింది. 2022-23లో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని ఇంటికి పంపాయి. ప్రతిసారీ మనవాళ్ళ మధ్య తిరిగే సలహా మాత్రం ఒకటే: ఖర్చులు తగ్గించండి, పొదుపు చెయ్యండి. బయట తిండి మానెయ్, కొత్త ఫోన్ మానెయ్.. మంచిదే, కాదనను. కానీ పాత సంగతులు చదువుతుంటే నాకు ఇంకోటి కనబడింది. గడ్డురోజుల్లో ఖర్చు తగ్గడం తర్వాత మాట. ముందు ఖర్చుల వరస మారిపోతుంది. ఆ వరస మన చేతిలో ఉండదు, మనం అంతకుముందే సంతకాలు పెట్టిన కాగితాల చేతిలో ఉంటుంది.

ఎలాగంటారా? 1930ల్లో శ్రీకాకుళం వైపు, పొందూరు చుట్టుపక్కల ఏం జరిగిందో చూద్దాం. అప్పట్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది.

పొందూరు అనగానే సన్నఖాదీ గుర్తొస్తుంది కదా. గింజ తియ్యకముందే పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి, ఏకి, చేత్తో నూరో నంబరు దాకా నూలు తీసే ఊరు. వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఈ ప్రాంతంలో సంసారాలు నడవడానికి మూడు ఆధారాలుండేవి. పొలం, ఇంట్లో రాట్నమో మగ్గమో, మూడోది రంగం. అంటే రంగూన్. సముద్రం దాటి వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసి డబ్బు పంపేవాళ్ళు. ఇప్పటి మన డాలర్ల లాంటిదే అనుకోండి.

1929 తర్వాత మొదట పొలం దెబ్బతింది. మద్రాసు ప్రెసిడెన్సీలో వడ్ల ధర నాలుగేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత రంగం. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వాళ్ళని తీసెయ్యడంతో అల్లర్లయ్యాయి, వందమందికి పైగా చనిపోయారు. ఆ ఏడూ మరుసటేడూ బర్మా వెళ్ళేవాళ్ళకంటే తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. డబ్బు పంపాల్సిన మనిషి తనే తిండికి వచ్చి కూర్చున్నాడన్నమాట.

ఇక్కడే అసలు కిటుకుంది. ధరలన్నీ పడ్డాయి కదా, అన్నీ చవకే కదా, మరి బాధేంటి? బాధ ఏంటంటే శిస్తు పడలేదు. అప్పు పడలేదు. అవి రూపాయల్లో రాసి ఉన్నాయి. లెక్క కోసం ఒక రైతు ఇరవై రూపాయల శిస్తు కట్టాలనుకోండి. బస్తా అయిదు రూపాయలున్నప్పుడు నాలుగు బస్తాలు అమ్మితే చాలు. రెండున్నర అయితే ఎనిమిది అమ్మాలి. శిస్తు పైసా పెరగలేదు, కానీ రెట్టింపయింది. షావుకారు వడ్డీ సంగతీ అంతే. అందుకే ఇంట్లో వరస ఇలా తయారైంది: ముందు శిస్తు, తర్వాత వడ్డీ, ఆ తర్వాత గింజ, చివర్న గుడ్డ. వరి అన్నం పోయి చోడి అంబలి వస్తుంది. పాత చీరకి అతుకేసి ఇంకో ఏడాది లాగొచ్చు.

గుడ్డ చివర్నుందంటే పొందూరు చివర్నున్నట్టే. ఒకరి ఇంట్లో పొదుపు ఇంకొకరి ఇంట్లో కూలి కోత. 1930లో విదేశీ వస్త్ర బహిష్కరణ ఊపందుకోవడం వల్ల ఖాదీకి కొంత గిరాకీ వచ్చింది గానీ, వడికేవాళ్ళకి దక్కేది మాత్రం అణాలే. 1935లో గాంధీ ఎనిమిది గంటల వడుకు పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నారు. అఖిల భారత చరఖా సంఘం అంత ఇవ్వలేకపోయింది. కూలి పెంచితే గుడ్డ ధర పెరుగుతుంది, ధర పెరిగితే కొనేదెవరు?

మరి పొదుపు ఏమైంది? మనవాళ్ళ పొదుపంటే బంగారమే. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది, రూపాయి పౌండుతోపాటే కిందికి పోయింది. తులం ఇరవయ్యొక్క రూపాయల చిల్లర ఉన్నది కొద్ది నెలల్లోనే ముప్ఫై దగ్గరికి వెళ్ళింది. లాభం చూసి అమ్మినవాళ్ళూ ఉన్నారు, గతిలేక అమ్మినవాళ్ళూ ఉన్నారు. ఆ దశాబ్దంలో మన దేశం నుంచి మూడొందల కోట్ల రూపాయలకి పైగా విలువైన బంగారం ఓడలెక్కింది. తరాల పొదుపు అది. అయినా అప్పు తీరిందా అంటే లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామాల అప్పు 1930లో 150 కోట్లని అంచనా వేశారు, 1935 నాటికి ఆ అంచనా 200 కోట్లు దాటింది! చివరికి 1938లో రాజాజీ ప్రభుత్వం చట్టం తెచ్చి, 1932 అక్టోబరు 1కి ముందు రైతులు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. కాగితాన్ని మారిస్తే గానీ వరస మారలేదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2020లో రిజర్వ్ బ్యాంక్ ఆగస్టు దాకా ఈఎమ్ఐలు వాయిదా వేసుకోమంది, వడ్డీ మాత్రం ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ వద్దని 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వొచ్చని బ్యాంకులకి అదే 2020 ఆగస్టులో అనుమతి దొరికింది. 1931లో అమ్మారు, 2020లో కుదువ పెట్టారు, అంతే తేడా. అదే ఏడాది ఏప్రిల్-జూన్‌లో కుటుంబాల ఆర్థిక పొదుపు జీడీపీలో 21 శాతం దాకా వెళ్ళిందట. జీతం ఆగని ఇళ్ళలో డబ్బు మిగిలింది. మనం ఆ ఏడాది కొనని చీరలూ చొక్కాలూ ఎవరి కూలో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే "ఎంత దాచావు?" అన్నది సగం ప్రశ్నే అనిపిస్తుంది నాకు. జీతం సగమైనా, అసలు రాకపోయినా ప్రతినెలా అయిదో తారీఖుకి కట్టి తీరాల్సింది ఎంత? ఆ అంకె ముందు చూసుకోవాలి. రెండో ఫ్లాటు బుక్ చేసేటప్పుడు మరీను. కాఫీ ఖర్చు రేపు ఉదయమే ఆపొచ్చు, ఇరవయ్యేళ్ళ ఈఎమ్ఐని ఆపలేం. కాఫీ మీద చూపే పొదుపు బుద్ధి ఆ సంతకం పెట్టే రోజున చూపిస్తే చాలు.