మోటారు బిగించిన సైకిలు వెనుక చక్రం

మోటారు బిగించిన సైకిలు వెనుక చక్రం అనగా తొక్కుడుతో పాటు చిన్న ఇంజను లేదా విద్యుత్ మోటారు సహాయంతో నడిచే సైకిలు యొక్క వెనుక చక్రం. సాధారణ సైకిలు చక్రంతో పోలిస్తే ఇది ఎక్కువ బరువును, ఎక్కువ తిప్పుడు బలాన్ని, ఎక్కువ వేగాన్ని తట్టుకోవలసి ఉంటుంది. అరకు లోయ, అనంతగిరి, పాడేరు వంటి తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతాలలో ఎక్కుడు, దిగుడు, వానాకాలపు బురద కూడా తోడవుతాయి. చక్రం మన్నిక పుల్లల లావు మీద కంటే వాటి బిగువు తగినంతగా, సమానంగా ఉండడం మీదనే ఎక్కువ ఆధారపడుతుంది.

చరిత్ర

బిగువైన తీగలతో బరువు మోసే చక్రాన్ని 1808లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ ఊహించాడు. పుల్లలను హబ్బుకు ఏటవాలుగా అల్లే పద్ధతికి జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందాడు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. 1950లో బ్రిటన్‌లో వచ్చిన సైకిల్‌మాస్టర్‌లో ఇంజను వెనుక చక్రంలోనే ఇమిడి ఉండేది. మామూలు సైకిలు చక్రాన్ని తీసి దీనిని బిగించుకొనేవారు.

భారతదేశంలో ఈ తరహా వాహనాలకు ప్రాచుర్యం తెచ్చినవి మోపెడ్‌లు. మోటారు, పెడల్ అనే రెండు మాటల కలయికే మోపెడ్. కైనెటిక్ ఇంజనీరింగ్ సంస్థ 1972లో లూనాను, టీవీఎస్ సంస్థ 1980లో టీవీఎస్ 50ని విడుదల చేశాయి. వీటి చక్రాలు సైకిలు చక్రాల కంటే చిన్నవి, పుల్లలు పొట్టివి మరియు లావైనవి. 2024లో విద్యుత్ మోటారుతో ఈ-లూనా మార్కెట్లోకి వచ్చింది.

బరువు మోసే విధానం

సైకిలు పుల్ల సన్నని తీగ, నొక్కితే వంగిపోతుంది. కనుక ఎద్దుల బండి చక్రపు ఆకుల వలె అది బరువును నిలబడి మోయలేదు. చక్రం కట్టేటప్పుడే పుల్లలన్నిటినీ గట్టిగా లాగి బిగిస్తారు. బరువు పడినప్పుడు నేలకు తాకే చోట ఉన్న కొద్ది పుల్లల బిగువు తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి రాగానే బిగువు మళ్ళీ పెరుగుతుంది. అంటే ప్రతి చుట్టుకు ప్రతి పుల్ల ఒకసారి సడలి మళ్ళీ బిగుస్తుంది.

26 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు. విశాఖపట్నం నుండి అరకు వరకు గల సుమారు 115 కి.మీ. దూరానికి అది దాదాపు 55 వేల సార్లు తిరుగుతుంది. బిగువు చాలని పుల్ల ప్రతి చుట్టుకు పూర్తిగా వదులై, మెడ వంపు దగ్గర అటూ ఇటూ కదిలి, లోహపు అలసట వలన తెగుతుంది.

వెనుక చక్రంపై సాధారణంగా ముందు చక్రం కంటే ఎక్కువ బరువు పడుతుంది. అందుకే పాత తరహా నల్ల సైకిళ్ళలో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండేవి. బ్యాటరీని, సరుకును వెనుక క్యారియరు మీదనే పెడితే ఈ తేడా మరింత పెరుగుతుంది.

మోటారు అమర్చే పద్ధతులు

* పుల్లలకు బిగించే పళ్ళచక్రం: పెట్రోలు ఇంజను కిట్లలో రెండు రబ్బరు బిళ్ళల మధ్య పుల్లలను ఇరికించి పళ్ళచక్రాన్ని బోల్టులతో బిగిస్తారు. ఇంజను లాగుడంతా పుల్లల నడుమ భాగం మీద పడుతుంది. అందుకోసం చేయని పుల్లలు వంగి త్వరగా తెగుతాయి. పళ్ళచక్రాన్ని నేరుగా హబ్బుకు బిగించే అమరిక దీనికంటే మేలు.
* హబ్బు మోటారు: మోటారే హబ్బుగా ఉంటుంది. హబ్బు వ్యాసం పెద్దది కనుక పుల్లలు పొట్టివి. వాటిని మామూలు సైకిలు వలె మూడు అడ్డులతో అల్లితే పుల్ల రిమ్ములోకి వంకరగా ప్రవేశించి నిపుల్ దగ్గర విరుగుతుంది. అందువలన పెద్ద హబ్బు మోటారుకు సాధారణంగా ఒకే అడ్డుతో అల్లుతారు.
* నడిమి మోటారు: పెడళ్ళ దగ్గర ఉండి గొలుసు ద్వారా లాగుతుంది. చక్రంలో అదనపు బరువు ఉండదు కాని గొలుసు, ఫ్రీవీలు త్వరగా అరుగుతాయి.

విడిభాగాల ఎంపిక

సాధారణ సైకిలు పుల్ల మందం 2.0 మి.మీ. (14 గేజి). మోటారు సైకిళ్ళకు 2.3 మి.మీ. (13 గేజి), 2.6 మి.మీ. (12 గేజి) పుల్లలు కూడా వాడతారు. అయితే లావు పుల్ల కొంచెమే సాగుతుంది; పలుచని రిమ్ముపై దానికి తగినంత బిగువు ఇస్తే నిపుల్ రంధ్రాల వద్ద రిమ్ము పగులుతుంది, ఇవ్వకపోతే పుల్ల వదులుగా ఉండి తెగుతుంది. కావున లావు పుల్లలకు బలమైన రెండు గోడల రిమ్ము తప్పనిసరి. రెండు చివరలు లావుగా, నడుమ సన్నగా ఉండే పుల్లలు ఎక్కువ సాగి, కుదుపుల్లో కూడా బిగువు నిలుపుకొంటాయి. వెడల్పు టైరు కుదుపులను కొంతవరకు తానే తీసుకొని రిమ్మును కాపాడుతుంది.

చక్రం కట్టే పద్ధతి

# హబ్బు, రిమ్ము కొలతలను బట్టి పుల్లల పొడవును లెక్కిస్తారు.
# పుల్లలను అల్లి, నిపుళ్ళన్నిటినీ సమానంగా ఎక్కిస్తారు.
# ఒక్కో చుట్టుకు అర మర చొప్పున బిగువు పెంచుతూ పక్క బెండు, ఎత్తుపల్లాలు తీస్తారు.
# పక్కపక్కనున్న సమాంతర పుల్లలను జంటలుగా చేతితో గట్టిగా పిండుతారు. దీనివలన మెడ వంపు హబ్బులో కుదురుకొని లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఇది చేయని చక్రంలో పుల్లలు త్వరగా తెగుతాయి.
# బిగువును పరికరంతో కొలుస్తారు. పరికరం లేనిచోట పుల్లను మీటి శబ్దం వింటారు. ఒకే పక్కనున్న పుల్లలన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. కుడిపక్క పుల్లలకు సుమారు 100 నుండి 120 కిలోల బలానికి సమానమైన బిగువు సాధారణం. రిమ్ము తయారీదారు చెప్పిన పరిమితిని మించరాదు.

ఘాటు రోడ్లపై ప్రభావం

మనిషి, సైకిలు, సరుకు కలిపి 120 కిలోలు అనుకుంటే, 6 శాతం ఎక్కుడులో వెనుకకు లాగే బలం సుమారు 70 న్యూటన్లు. టైరు దొర్లుడు నిరోధం కలిపి 80 న్యూటన్లుగా తీసుకుంటే 250 వాట్ల మోటారు ఒక్కటే ఆ బరువును గంటకు సుమారు 11 కి.మీ. వేగంతో ఎక్కించగలదు. ఇంత తక్కువ వేగంలో హబ్బు మోటారు ఎక్కువగా వేడెక్కుతుంది. ఎక్కుడులో పెడలు తొక్కడం మోటారుకు, చక్రానికి రెండింటికీ రక్షణ.

దిగుడు ఇంకా ప్రమాదకరం. అదే 120 కిలోలు 800 మీటర్ల ఎత్తు నుండి దిగితే వెలువడే శక్తి సుమారు 0.26 యూనిట్లు, ఇది సుమారు 2.8 లీటర్ల చల్లని నీటిని మరిగించగలదు. గాలి, టైర్లు తీసుకున్నది పోను మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారుతుంది. రిమ్మును పట్టే బ్రేకులైతే రిమ్ము కాగి ట్యూబు పగలవచ్చు. సంతకు సరుకు వేసుకొని వెళ్ళేవారికి మలుపులో వెనుక చక్రం విఫలం కావడం ప్రాణాపాయం. డిస్కు లేదా డ్రమ్ము బ్రేకులు వాడడం, రెండు బ్రేకులనూ ఉపయోగించడం, నడుమ ఆగి చల్లార్చుకోవడం అవసరం.

నిర్వహణ

కొత్త చక్రాన్ని కొద్ది రోజులు నడిపిన తరువాత మళ్ళీ బిగువు చూడాలి. ఒక పుల్ల తెగితే దాని బరువు పక్క పుల్లలపై పడుతుంది కాబట్టి వెంటనే మార్చాలి. వరుసగా పుల్లలు తెగుతుంటే ఒక్కొక్కటి మార్చడం కంటే చక్రాన్ని కొత్త పుల్లలతో తిరిగి కట్టడం మేలు. వాన, బురద తగిలే చోట తుప్పు పట్టని ఉక్కు పుల్లలు మన్నుతాయి. హబ్బు మోటారు ఇరుసు ఫ్రేములో తిరిగిపోకుండా ఆపే పట్టీని, నట్లను తరచు పరిశీలించాలి.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటారు 30 నిమిషాల శక్తి 0.25 కిలోవాట్ల కంటే, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ.ల కంటే తక్కువగా ఉండి, ఇతర షరతులకు లోబడిన విద్యుత్ సైకిలును మోటారు వాహనంగా పరిగణించరు. 25 ఘన సెం.మీ. మించిన ఇంజను బిగించిన సైకిలు మోటారు వాహనమే అవుతుంది.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* మోపెడ్
* అరకు లోయ
* తూర్పు కనుమలు