మూటకట్టిన ఫైలు – విప్పు విద్య

చోడవరము, అనకాపల్లి ప్రాంతములందు చెరకురసమును కాచి బెల్లము చేయుట అందరెరిగినదే. నీరు ఆవిరియై పోవును, తీపి నిలుచును, కడవలకొలది రసము కొద్దిపాటి దిమ్మలై బండి కెక్కును. కాని ఆ బెల్లమును మరల నీటిలో కరగించినచో పానకమగునే గాని తొలుతటి చెరకురసము కాజాలదు. ఇంటి కంప్యూటరునందు మనము వాడు ‘జిప్’ ఫైలు ఇట్టిది కాదు. అది పరిమాణమున తగ్గియుండియు, విప్పినంతనే ఒక్క అక్షరమైనను లోపింపక తొలి రూపమును మరల ఇచ్చును. ఇది ఎట్లు సాధ్యమైనది? ఒకరు కట్టిన మూటను వేరొకరు, వేరొక దేశమున, వేరొక యంత్రముపై విప్పగలుగుటకు కారణమేమి? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఏడు దశాబ్దములకు మించిన చరిత్రలో లభించును.

పొదుపునకు రెండు మార్గములు

1948లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన క్లాడ్ షానన్, సమాచారమును కూడ కొలువవచ్చునని గణితరీత్యా నిరూపించెను. ఒక సందేశమును ఎంతవరకు కుదింపవచ్చునో, ఎచ్చట ఆగవలయునో ఆయన సిద్ధాంతము తెలిపెను. 1951లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య రాబర్ట్ ఫానో తన విద్యార్థులకు, పరీక్ష వ్రాయుటయో, వ్యాసము సమర్పించుటయో కోరుకొనుమని చెప్పెను. వ్యాసమును కోరుకొన్న డేవిడ్ హఫ్మన్ అను విద్యార్థి, గురువునకే చిక్కని ఉత్తమమార్గమును కనుగొని 1952లో ప్రకటించెను.

ఆ మార్గము సులభమైనదే. తరచుగా వచ్చు అక్షరమునకు పొట్టి సంకేతమును, అరుదుగా వచ్చుదానికి పొడుగు సంకేతమును ఇయ్యవలయును. నాలుగే అక్షరములు గల ఒక భాషను ఊహింతము. నూరక్షరముల సందేశములో అవి వరుసగా 50, 25, 15, 10 మారులు వచ్చెననుకొందము. అన్నింటికి సమానముగా రెండేసి బిట్లు ఇచ్చినచో 200 బిట్లు పట్టును. హఫ్మన్ పద్ధతిలో వానికి క్రమముగా 1, 2, 3, 3 బిట్లు ఇచ్చినచో 175 బిట్లే చాలును.

రెండవ మార్గమును 1977లో ఇస్రాయేలుకు చెందిన జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఒకమారు వచ్చిన మాట మరల వచ్చినపుడు దానిని తిరిగి వ్రాయక, ‘ఇంత దూరము వెనుకకు పోయి ఇంత పొడవు ఎత్తి వ్రాయుము’ అని గురుతుంచుటయే దీని సారము. తెలుగు వ్రాతకు ఇది మిక్కిలి ఉపకరించును. నేడు ప్రచారములో నున్న యూటీఎఫ్-8 విధానమున ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగు అక్షరమునకును గుణింతపు గురుతునకును మూడేసి బైట్లు కావలయును. ‘చోడవరం’ అను మాటకు ఆరు సంకేతములు, అనగా 18 బైట్లు పట్టును. రెండవమారు ఆ మాట వచ్చినపుడు వెనుకటి స్థానమును సూచించు చిన్న గురుతు సరిపోవును. అదిగాక ప్రతి తెలుగు సంకేతమున మొదటి బైటు ఒక్కటియే. రెండవది రెండు విధములలో నొకటి. ఇన్ని పునరుక్తులున్నచోట కుదించుటకు అవకాశ మెక్కువ.

ఆర్క్ నుండి జిప్ వరకు

ఇండ్లలోనికి కంప్యూటర్లు వచ్చిన తొలిదినములలో ఫైళ్లు టెలిఫోను తీగల మీదుగా మెల్లగా ప్రయాణము చేసెడివి. 1985లో థామ్ హెండర్సన్ ‘ఆర్క్’ అను ప్రోగ్రామును వెలువరించెను. అది పెక్కు ఫైళ్లను ఒక్క మూటగా కట్టి కుదించెడిది. అమెరికాలోని మిల్వాకీ నగరవాసి ఫిల్ కాట్జ్ అదే మూటను మరింత వేగముగా కట్టి విప్పు ప్రోగ్రామును చేసెను. 1988లో హెండర్సన్ సంస్థ ఆయనపై దావా వేయగా, అది రాజీతో ముగిసినది. పిమ్మట 1989లో కాట్జ్ ‘జిప్’ అను క్రొత్త మూటను రూపొందించి, దాని నిర్మాణ వివరములను అందరికిని వెల్లడిచేసెను. ఆ వివరములను బట్టి ఇతరులు తమ తమ యంత్రములకు తగిన ప్రోగ్రాములను ఉచితముగా వ్రాసికొనగలిగిరి. పై రెండు మార్గములను కలిపిన ‘డిఫ్లేట్’ పద్ధతి 1996లో ఇంటర్నెట్ ప్రమాణపత్రముగా కూడ వెలువడినది.

దీనికి భిన్నమైన కథ మరియొకటి కలదు. 1984లో టెర్రీ వెల్చ్ ప్రకటించిన ఎల్‌జెడ్‌డబ్ల్యు పద్ధతిపై పేటెంటు హక్కుండుటచే, దానిని తప్పించుకొనుటకై 1992లో ‘జీజిప్’ అను ప్రోగ్రాము పుట్టెను. అమెరికాలో ఆ పేటెంటు 2003లో తీరిపోయినది. మూట కట్టు రహస్యము ఒకరి పెట్టెలో నున్నంతకాలము, విప్పువారు వారి అనుమతికై ఎదురుచూడవలసినదే. జిప్ దీర్ఘాయువునకు వెల్లడియైన నిర్మాణమే ముఖ్యకారణము. ఫిల్ కాట్జ్ 2000వ సంవత్సరమున, తన 37వ యేట మరణించెను. ఆయన మూట మాత్రము నేటికిని తెరచుకొనుచునే యున్నది.

విప్పునపుడు జరుగునది

జిప్ మూటలోని విషయసూచిక చివరి భాగమున నుండును. ప్రోగ్రాము మొదట దానిని చదివి, ఏ ఫైలు ఎచ్చట మొదలగునో తెలిసికొనును. ఫైలు సగము దిగుమతియై ఆగినచో సాధారణముగా మూట తెరచుకొనకపోవుటకు కారణమిదే: సరకు కొంత వచ్చినను సూచిక రాలేదు. ప్రతి ఫైలునకు కట్టునాడు లెక్కించిన 32 బిట్ల తనిఖీసంఖ్య యొకటి మూటలో నుండును. విప్పిన పిదప ఆ లెక్కను మరల వేసి, రెండును సరిపోలనిచో యంత్రము దోషమున్నదని చెప్పును.

తెలుగువారి చిక్కులు

తొలి నిబంధనలలో ఫైళ్ల పేర్లకు ఐబీఎం వారి 437వ సంకేతపట్టికయే ఆధారము. అందు తెలుగు లేదు. కావున తెలుగు పేరు పెట్టిన ఫైలు వేరొక యంత్రముపై విప్పినపుడు అర్థములేని గురుతులతో కనబడుటకు అవకాశముండెడిది. 2006లో యూటీఎఫ్-8 పేర్లకు నిబంధనలలో చోటు లభించెను.

ఇంకొక చిక్కు మరింత లోతైనది. తెలుగునకు 1991లోనే యూనికోడులో స్థానము లభించినను, చాలకాలము ముద్రణాలయములలో ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క సంకేతక్రమము నడచినది. అట్టి పాత ఫైలును మూట బైటు తప్పక తిరిగి ఇచ్చును. కాని తగిన ఫాంటు లేనిచో తెరపై తెలుగు కానరాదు. మూట తన పని సక్రమముగా చేసినను చదువరికి ప్రయోజనము లేదు. మన పత్రికల, గ్రంథాలయముల, కుటుంబముల పాత వ్రాతలు ఎన్నియో ఇట్టి స్థితిలో పడు ప్రమాదమున్నది.

కావున దాచుకొనువారు నాలుగు జాగ్రత్తలు పాటింపవలయును. పాత ఫైలుతోపాటు దాని ఫాంటును కూడ అదే మూటలో నుంచవలయును. వీలైనచో యూనికోడునకు మార్చిన ప్రతిని చేర్పవలయును. నిర్మాణము వెల్లడియైన మూటనే ఎన్నుకొనవలయును. కట్టిన మూటను వేరొక కంప్యూటరుపై ఒకమారు విప్పి, చదివి చూచిన పిదపనే అసలు ప్రతిని తొలగింపవలయును.