చివరి ఆయకట్టుకు చేరే పుస్తకం

(మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



ఊరగాయలో, పిల్లల జలుబో చెబుతుందనుకుంటే, ఈవిడ విశ్వవిద్యాలయం, గ్రంథాలయం అంటూ మొదలుపెట్టిందేమిటని మీరు అనుకోవచ్చు. నేను పదో తరగతితో చదువు ఆపేసిన దాన్నే. కాని ఈ సంగతి నాకు తట్టింది మా ఇంటి వసారాలోనే.

మా ఆడబిడ్డ కొడుక్కు ఆరేళ్ళు వచ్చినా మాటలు సరిగా రాలేదు. అన్నం కలిపి పెడితే తింటాడు, తనంత తాను తినడు. మొక్కుకోని దేవుడు లేడు, చూపించని డాక్టరు లేడు. ఒకనాడు ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "వదినా, వీనికి నేనేం నేర్పాలో, ఎట్ల నేర్పాలో చెప్పే పుస్తకం యాడైనా ఉంటుందా?" అని అడిగింది. మరునాడే నేను ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్ళి అడిగాను. "అలాంటివి లేవమ్మా" అన్నారు. ఏడాది గడిచాక వేరే పనిమీద అక్కడికే వెళితే, వైద్యశాస్త్రం అలమరలో అడుగు వరసన ఆ పుస్తకం కనిపించింది. ఉన్న పుస్తకమే. అడిగిన పేరు వేరు, అది ఉన్న చోటు వేరు, అంతే. ఆ ఏడాదిలో పిల్లవాడు ఎంత నేర్చుకుని ఉండేవాడో కదా!

ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పడానికి టీచర్లు ప్రత్యేక విద్యలో బి.ఎడ్., ఆపైన ఎం.ఎడ్. చదువుతారు. ఏ విశ్వవిద్యాలయమైనా ఈ చదువు కొత్తగా పెట్టేటప్పుడు ముందు తన గ్రంథాలయాన్ని తూచి చూసుకోవాలి. ఆ తూకం ఎలా వేయాలన్నదే నేటి నా ప్రసంగం. దానికి కొంచెం వెనక్కి వెళదాం.

మన కడపకు 1820లో ఉద్యోగరీత్యా వచ్చిన బ్రౌన్ దొర, తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టి, చెదలు తింటున్న తాటాకు ప్రతులకు నకళ్ళు తీయించాడు. ఆయన వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. సరిగ్గా అదే ఏడాది పారిస్‌లో లూయీ బ్రెయిలీ అనే చూపులేని యువకుడు, వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపిని ప్రకటించాడు. ఒకరిది కాలగర్భంలో కలిసిపోయే పుస్తకాన్ని నిలబెట్టే పని, మరొకరిది పుస్తకం అందని వాళ్ళ చేతికి దాన్ని అందించే పని. గ్రంథాలయానికి ఈ రెండు పనులూ ఉన్నాయి. బ్రౌన్ బంగళా ఉన్నచోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో వెలసిన గ్రంథాలయం, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది.

కర్నూలు తక్కువ తినలేదు. 1883లో అక్కడ పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కు. ఆయన గ్రంథాలయాన్ని వయోజన విద్యతో కలిపి చూశారు. చదువుకున్న వాళ్ళు కాలక్షేపానికి వచ్చే చోటు మాత్రమే కాదది, బడికి దూరమైన వాళ్ళకు బడి కూడా అన్నమాట.

ఇక ప్రత్యేక విద్య పుస్తకాల కథ వినండి. ఫ్రాన్సులో అడవిలో దొరికిన ఒక పిల్లవానికి మాటలు, మర్యాదలు నేర్పడానికి ఇటార్ అనే డాక్టరు శ్రమించి, 1801లో తన అనుభవాలను ప్రకటించాడు. ఆయన శిష్యుడు సెగాన్ 1846లో ఫ్రెంచిలోను, అమెరికాకు తరలిపోయాక 1866లో ఇంగ్లీషులోను, బుద్ధి వికసించని పిల్లలకు చదువు చెప్పే పద్ధతిని గ్రంథాలుగా రాశాడు. తర్వాత ఆ పుస్తకాలను లోకం మరిచిపోయింది. ఇటలీలో డాక్టరు మరియా మాంటిస్సోరి అలాంటి పిల్లలకే చదువు చెబుతూ, ఆ రాతలను మొదటినుంచి చివరిదాకా తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుంది. ఇంగ్లీషు పుస్తకం కోసం ఎన్నిచోట్ల వాకబు చేసినా దొరకలేదు. చివరికి న్యూయార్కులో ఒక డాక్టరు గారు తన ఇంటి గ్రంథాలయంలోంచి పనికిరావని తీసేసిన పుస్తకాల మధ్య ఒక ప్రతి దొరికింది!

ఆ పుస్తకాల బలంతోనే ఆమె 1907లో రోమ్‌లో పసిపిల్లల బడి పెట్టింది. మన పిల్లలు పూసలతో, చెక్కముక్కలతో చదువుకునే మాంటిస్సోరి బడులకు మూలం అదే. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అప్పుడు కడప, కర్నూలు జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. పాతదని పారేసిన ఒక పుస్తకం ఎంతదూరం నడిచి వచ్చిందో చూశారా? అందుకే గ్రంథాలయంలో పాత పుస్తకాలను ఏరివేసే వాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరినంత జాగ్రత్తగా ఏరాలి.

మన దేశంలో చూపులేని పిల్లలకు మొదటి బడి 1887లో అమృత్‌సర్‌లో వెలిసింది. భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడింది. ఈ పిల్లల చదువు దయాధర్మం కాదని, అందరి చదువులో భాగమని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 1974లో వీళ్ళను మామూలు బడుల్లోనే చేర్చుకునే పథకం వచ్చింది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ సికిందరాబాదులో వెలసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంతో కలిసి ఈ విద్యలో డిగ్రీ, ఎం.ఎడ్. చదువులు నడిపింది.

ఆ సంస్థ చేసిన ఒక మంచిపని నాకు బాగా నచ్చింది. పళ్ళు తోముకోవడం, అన్నం తినడం, బట్టలు వేసుకోవడం పిల్లవానికి మెట్టుమెట్టుగా ఎలా నేర్పాలో చెప్పే చిన్నచిన్న పుస్తకాలు వేసింది. ఇవి వెన్నెముక కూడా లేని పల్చటి పుస్తకాలు. అలమరలో నిలబెడితే కనబడవు. లావు పుస్తకాలను లెక్కపెట్టుకునే వాళ్ళకు లెక్కలోకి కూడా రావు. మా ఆడబిడ్డ అడిగింది మాత్రం సరిగ్గా అలాంటి వాటినే.

1992 చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి ఆమోదం లేకుండా ఈ కోర్సులు నడపరాదు. తనిఖీకి వచ్చేవాళ్ళు గ్రంథాలయమూ చూస్తారు. తనిఖీ దాటడానికి పుస్తకాల సంఖ్య చాలవచ్చు. పిల్లవాడు గట్టెక్కడానికి చాలదు. అందుకని నాకు తోచినవి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పుస్తకాలు ఎక్కడెక్కడ చెదిరి ఉన్నాయో చూడాలి. డ్యూయీ వర్గీకరణలో ప్రత్యేక విద్యకు 371.9 అనే అంకె ఉంది. కాని పిల్లల మనస్తత్వం 155.4లోకి, సంక్షేమం 362లోకి, పిల్లల జబ్బులు 618లోకి పోతాయి. మన వంటింట్లో పోపు సామాను నాలుగు గూళ్ళలో పెట్టుకున్నట్టు. ఏది ఎక్కడుందో ఒక జాబితా రాసి గుమ్మం దగ్గర పెడితే, నాలాంటి దానికి ఏడాది పోదు.

రెండవది, పేర్లు మారాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను చెప్పింది. 2016 చట్టం ఇరవై ఒకటి చెబుతోంది. ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, ఇవన్నీ అందులో చేరాయి. సికిందరాబాదు సంస్థ పేరులో కూడా ఇప్పుడు 'మానసిక వికలాంగులు' పోయి 'మేధో వైకల్యం' వచ్చింది. ఏడు రకాల నాటి అలమరతో ఇరవై ఒక్క రకాల పాఠం చెప్పలేం. పాత పేరుతో ఉన్నవీ కొత్త పేరుతో వెదికే వాళ్ళకు దొరకాలి.

మూడవది, ఆ గ్రంథాలయంలోకి ఎవరు రాగలరు? చక్రాల కుర్చీకి వాలుదారి ఉందా? తెరమీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటరు ఉందా? అచ్చు చదవలేని వాళ్ళకోసం 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలయింది. దాన్ని వాడుకోవడం నేర్పే మనిషి ఒకరు ఉండాలి. లేకపోతే ప్రత్యేక విద్య చదువుకోవడానికి వచ్చిన చూపులేని విద్యార్థే గుమ్మం బయట నిలబడవలసి వస్తుంది.

నాలుగవది, అన్నీ కొనే స్తోమత ఎవరికీ ఉండదు. ఇరుగింట్లో రోలుంటే మనం వెళ్ళి రుబ్బుకోమూ? కర్నూలు మెడికల్ కాలేజీలో చెవి, ముక్కు, గొంతు వైద్యం పుస్తకాలుంటాయి. తిరుపతిలో 1954 నాటి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. దేశంలోని పరిశోధన గ్రంథాలెన్నో శోధగంగలో ఉచితంగా చదువుకోవచ్చు. ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ముందే కాగితం మీద రాసుకోవాలి. మిగిలిన డబ్బు తెలుగు పుస్తకాలకు ఖర్చుపెట్టాలి. టీచరు ఇంగ్లీషులో చదివినా, తల్లికి చెప్పవలసింది తెలుగులోనే కదా!

సోదరీమణులారా, మన సీమవాళ్ళకు కె.సి. కాలువ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. సుంకేసుల దగ్గర బయలుదేరి కడపదాకా వస్తుంది. ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయని చివరి ఆయకట్టు రైతు అడగడు. నా మడి తడిసిందా అని అడుగుతాడు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆనకట్ట లాంటిది. అక్కడ చదువుకున్న టీచరు పల్లె బడికి పోయి, ఆ బడి అరుగుమీద కూర్చున్న తల్లికి ఒక ఉపాయం చెప్పగలిగితేనే అక్కడి పుస్తకం పారినట్టు.

మీ ఊరి గ్రంథాలయానికి ఎప్పుడైనా వెళితే, ఇలాంటి పిల్లల పుస్తకాలు ఏమున్నాయని ఒక్కసారి అడగండి. లేవంటే, ఇంకో పేరుతో ఇంకో అలమరలో చూడమనండి. మా ఆడబిడ్డ కొడుకు ఇప్పుడు తన అన్నం తానే కలుపుకుని తింటాడు. సగం కింద పోస్తాడు, నిజమే. ఆ మెతుకులు ఎత్తుకుంటూ వాళ్ళమ్మ నవ్వడం ఈమధ్యనే చూశాను.

సెలవు.