సైడ్‌లోడింగు (స్మార్ట్ టీవీ)

స్మార్ట్ టీవీ తయారీదారు లేదా దాని నిర్వాహక వ్యవస్థను రూపొందించిన సంస్థ నడిపే అధికారిక యాప్ స్టోరు ద్వారా కాకుండా, ఒక యాప్ ఫైలును వాడుకరి స్వయంగా తెచ్చి టీవీలో స్థాపించుకొనుటను సైడ్‌లోడింగు అంటారు. ఆండ్రాయిడ్ ఆధారిత టీవీలలో ఇట్టి ఫైళ్ళకు ఏపీకే అను పొడిగింపు ఉంటుంది. సైడ్‌లోడింగు స్వతహాగా నేరము కాదు. స్టోరులో లేని ఉచిత సాఫ్టువేరును వాడుకొనుటకు ఇది ఒక మార్గము. అయితే స్టోరు చేసే తనిఖీ ఇందులో ఉండదు కాబట్టి, ఫైలు మంచిచెడ్డలను పరిశీలించే బాధ్యత పూర్తిగా వాడుకరిపై పడుతుంది. తెలుగు రాష్ట్రాలలో కొత్త సినిమాలను ఉచితంగా చూపుతామనే యాప్‌ల కొరకు ఈ పద్ధతి ఎక్కువగా ప్రచారంలోకి వచ్చినది.

నేపథ్యము

ఎల్‌జీ సంస్థ వెబ్‌ఓఎస్ టీవీలు, అమెజాన్ ఫైర్ టీవీ, గూగుల్ వారి ఆండ్రాయిడ్ టీవీ ఈ మూడూ 2014లో వెలువడినవి. శాంసంగ్ 2015 నుండి తన టీవీలలో టైజెన్ వ్యవస్థను వాడుతున్నది. ఫైర్ టీవీ స్టిక్ భారతదేశంలో 2017లో విడుదలైనది. 2020లో గూగుల్ తన టీవీ తెరకు గూగుల్ టీవీ అను కొత్త రూపాన్నిచ్చినది.

వీటిలో ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీలు, ఆండ్రాయిడ్ ఆధారిత ఫైర్ టీవీ పరికరాలు సైడ్‌లోడింగుకు అనువైనవి. టైజెన్, వెబ్‌ఓఎస్‌లలో ఏపీకే ఫైళ్ళు పనిచేయవు. వాటిలో డెవలపర్ల కొరకు ఉద్దేశించిన ప్రత్యేక స్థితి ద్వారా మాత్రమే బయటి యాప్‌ను స్థాపించవచ్చు. అమెజాన్ 2025 సెప్టెంబరులో ప్రకటించిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్ ఆండ్రాయిడ్‌పై కాక వేగా ఓఎస్‌పై నడుస్తుంది. సాధారణ వాడుకరి ఇందులో ఏపీకే ఫైళ్ళను స్థాపించజాలడు. కావున సైడ్‌లోడింగు కొరకు కొనేవారు ముందుగా పరికరం ఏ వ్యవస్థపై నడుస్తున్నదో చూచుకొనవలెను.

అవసరము

సైడ్‌లోడింగును ఎంచుకొనుటకు ముఖ్యంగా ఈ కారణాలు కనబడతాయి.

* ఫోనులో ఉన్న యాప్‌కు టీవీ రూపం లేకపోవడం, లేదా టీవీ నమూనా పాతబడినందువలన స్టోరులో ఆ యాప్ చూపబడకపోవడం.
* స్వేచ్ఛా సాఫ్టువేరు యాప్‌లను ఎఫ్-డ్రాయిడ్ వంటి భాండాగారాల నుండి తెచ్చుకొనడం.
* విదేశాలలోని తెలుగువారి విషయంలో, ఆయా దేశపు స్టోరులో తెలుగు యాప్ లభించకపోవడం.
* చందా కట్టకుండా సినిమాలు, క్రీడా ప్రసారాలు చూడవలెననే కోరిక. చట్టవిరుద్ధమైనది, అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

పద్ధతులు

పెన్ డ్రైవు ద్వారా: ఏపీకే ఫైలును కంప్యూటరులో తనిఖీ చేసి, పెన్ డ్రైవులోకి ఎక్కించి, టీవీలో ఫైల్ మేనేజరు ద్వారా తెరుస్తారు. ఫైలును ముందుగా పరీక్షించే అవకాశమున్నందున ఇది మెరుగైన పద్ధతి.

డౌన్‌లోడర్ యాప్ ద్వారా: టీవీలోనే చిరునామా లేదా అంకెల కోడ్ ఇచ్చి ఫైలును నేరుగా దింపుకొంటారు. అంకెల కోడ్ వెనుక ఏ వెబ్‌సైటు ఉన్నదో బయటకు కనబడదు. కావున వీడియోలలో చెప్పే కోడ్‌లను గుడ్డిగా వాడరాదు.

ఏడీబీ ద్వారా: కంప్యూటరు నుండి నెట్‌వర్కు మీదుగా ఆదేశమిచ్చి స్థాపిస్తారు. పని ముగిసిన వెంటనే టీవీలో డీబగ్గింగును ఆపివేయవలెను. దీనిని తెరచి ఉంచితే 5555 పోర్టు ద్వారా ఇతరులు ప్రవేశించే వీలుంటుంది. 2018 ఫిబ్రవరిలో బయటపడిన ఏడీబీ.మైనర్ అను పురుగు ఈ దారినే టీవీ బాక్సులలో చొరబడి, వాటి శక్తిని క్రిప్టో నాణేల తవ్వకానికి వాడుకొన్నది.

మొదటి రెండు పద్ధతులలో అమరికలలో "తెలియని మూలాలు" అను అనుమతి ఇవ్వవలసి ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 (2017)కు పూర్వం ఈ అనుమతి ఒకసారి ఇస్తే అన్ని యాప్‌లకూ వర్తించేది. ఆ తరువాతి వెర్షన్లలో ఏ యాప్‌కు ఆ యాప్‌కే విడిగా ఇవ్వవలెను. కొత్త ఫైర్ టీవీలలో పరికర వివరాల పుటలో పరికరం పేరుపై ఏడు పర్యాయాలు నొక్కితేగాని డెవలపర్ ఐచ్ఛికాలు కనబడవు.

పొంచి ఉన్న ప్రమాదాలు

టీవీలో బ్యాంకు ఖాతా ఉండదు కనుక ప్రమాదం లేదనే అభిప్రాయం సరికాదు. ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు ఉన్న వైఫైలోనే టీవీ కూడా ఉంటుంది. అది రోజంతా విద్యుత్తుకు, ఇంటర్నెట్టుకు కలిపి ఉండి, యాంటీవైరస్ లేకుండా, ఎవరి దృష్టీ పడని స్థితిలో ఉంటుంది. అందువలన నేరగాళ్ళకు టీవీ అనుకూలమైన పరికరము.

మాల్‌వేరు సోకిన టీవీలను ఎక్కువగా రెసిడెన్షియల్ ప్రాక్సీలుగా వాడుకొంటారు. అనగా ఎక్కడో ఉన్న నేరగాడు చేసే మోసపు లావాదేవీలు, దాడులు ఆ ఇంటి ఐపీ చిరునామా నుండి జరిగినట్లు నమోదవుతాయి. దర్యాప్తు మొదలైనప్పుడు ముందుగా కనబడేది నేరగాని చిరునామా కాదు, ఇంటర్నెట్టు కనెక్షను ఎవరి పేరిట ఉన్నదో ఆ కుటుంబపు చిరునామా.

* టీ95 బాక్సు: 2023 జనవరిలో కెనడాకు చెందిన ఒక పరిశోధకుడు, తాను కొన్న టీ95 అను టీవీ బాక్సులో మాల్‌వేరు ముందుగానే అమర్చి ఉన్నదని వెల్లడించాడు.
* వాయిడ్ మాల్‌వేరు: 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ సంస్థ దీనిని బయటపెట్టినది. 197 దేశాలలో సుమారు 13 లక్షల టీవీ బాక్సులకు ఇది సోకినది. 2025 ఫిబ్రవరిలో ఎక్స్‌ల్యాబ్ పరిశోధకులు భారతదేశంలోనే సుమారు 2,17,000 పరికరాలను గుర్తించారు. ఇది మొత్తంలో 18 శాతము.
* బ్యాడ్‌బాక్స్ 2.0: దీనిపై అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరిక జారీచేసినది. గూగుల్ 2025 జూలైలో దావా వేస్తూ, గుర్తింపు లేని కోటికి పైగా ఆండ్రాయిడ్ పరికరాలు దీని బారిన పడినట్లు తెలిపినది. వీటిలో కొన్ని అమ్మకానికి ముందే, మరికొన్ని బయటి యాప్‌ల ద్వారా కలుషితమైనవి.

స్మార్ట్‌ట్యూబ్ ఉదంతము

పేరొందిన యాప్ కూడా ప్రమాదానికి అతీతం కాదని 2025 నవంబరులో తేటతెల్లమైనది. స్మార్ట్‌ట్యూబ్ ఆండ్రాయిడ్ టీవీలలో విస్తృతంగా సైడ్‌లోడింగు చేయబడే యూట్యూబ్ యాప్. దాని డెవలపరు కంప్యూటరుకు మాల్‌వేరు సోకి, సంతకపు తాళంచెవి ఇతరుల చేతికి చిక్కినది. 30.51 వెర్షనులో, బహిరంగ మూలసంకేతంలో లేని ఒక అనుమానాస్పద భాగం కనబడినది. పలు టీవీలలో గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆ యాప్‌ను నిలిపివేసినది. ఆపై డెవలపరు పాత తాళాన్ని రద్దుచేసి, కొత్త సంతకంతో యాప్‌ను విడుదల చేశాడు.

యాప్‌పై డిజిటల్ సంతకం ఉన్నదనగా ఫైలు ఎవరి తాళంతో ముద్ర వేయబడినదో తెలుస్తుందే గాని, ఆ తాళం సరైనవారి చేతిలో ఉన్నదో లేదో తెలియదు. ప్లే ప్రొటెక్ట్‌ను ఆపివేసినవారికి ఈ సందర్భంలో ఆ హెచ్చరిక అందలేదు. యాప్ స్థాపన కొరకు ప్లే ప్రొటెక్ట్‌ను ఆపివేయమని చెప్పే సూచనలను పాటించరాదనుటకు కారణమిదే.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగు సినిమాలను విడుదలైన కొద్ది కాలానికే అక్రమంగా అందించిన ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుని హైదరాబాదు సైబర్ క్రైం పోలీసులు 2025 నవంబరులో కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. ఇట్టి వేదికలు బెట్టింగు యాప్‌ల ప్రచారానికి సాధనమయ్యాయని పోలీసులు తెలిపారు. ఉచిత సినిమాకు ప్రేక్షకుడు సొమ్ము చెల్లించకపోయినా, అతని సమాచారము, అతని చేత నొక్కించే ప్రకటనలు నిర్వాహకులకు ఆదాయమవుతాయి. ప్రసిద్ధి చెందిన వెబ్‌సైటు మూతపడిన పిమ్మట అదే పేరుతో నకిలీ ఏపీకేలను వ్యాప్తి చేయుట మోసగాళ్ళకు సులభము.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్, షేర్‌ఇట్, జెండర్ ఉన్నవి. టీవీలోకి ఫైళ్ళను పంపుటకు అప్పటివరకు చాలామంది వాడినవి ఇవే. పాత మార్గదర్శకాలు చూచి నేడు వీటి ఏపీకేలను వెదకి తెచ్చుకొనువారికి అధికారిక మూలమేదీ దొరకదు. దొరికే ఫైలును ఎవరు మార్చారో తెలుసుకొనుట దుర్లభము.

2020 జూలైలో భారత సైన్యం తన సిబ్బందిని 89 యాప్‌లను ఫోనులనుండి తొలగించమని ఆదేశించినది. సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి వంటి ప్రాంతాలలో సైనిక కుటుంబాలు గణనీయంగా నివసిస్తాయి. ఆ ఆదేశం ఫోనులకు సంబంధించినదే అయినా, అదే వైఫైని పంచుకొనే టీవీ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరము. సికింద్రాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు (సీటీసీ) వంటి విపణిలో గాని, ఆన్‌లైన్‌లో గాని టీవీ బాక్సు కొనేటప్పుడు ధరకంటే ముందు తయారీదారు పేరును చూడవలెను. ఆండ్రాయిడ్ టీవీ అధికారిక వెబ్‌సైటులోని భాగస్వాముల పట్టికలో ఆ పేరు లేని పక్షంలో, "అన్ని చానళ్ళూ జీవితాంతం ఉచితం" అని అమ్మే బాక్సును కొనకుండుట మేలు. గుర్తింపు లేని బాక్సులలో చందా ఉన్నా నెట్‌ఫ్లిక్స్ వంటివి అధిక స్పష్టతతో రాకపోవచ్చు.

సురక్షిత విధానము

1. ముందుగా టీవీలోని అధికారిక స్టోరులో వెదకవలెను. అక్కడ ఉన్న యాప్‌ను బయటినుండి తెచ్చుకొనవలసిన పని లేదు.
2. డెవలపరు సొంత వెబ్‌సైటు, ఎఫ్-డ్రాయిడ్, ఏపీకేమిర్రర్ వంటి మూలాలనుండి మాత్రమే ఫైలు తీసుకొనవలెను. వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చిన ఫైళ్ళను తెరవరాదు. వాహన చలానా, పీఎం కిసాన్ వంటి పేర్లతో ఫోనులకు వచ్చే నకిలీ ఏపీకేల మోసం ఇట్టిదే.
3. డెవలపరు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో ఫైలు సంఖ్యను సరిపోల్చవలెను. వైరస్‌టోటల్‌లో పరీక్షించవలెను. అందులో ఏమీ దొరకకపోవడం భద్రతకు పూర్తి హామీ కాదు.
4. టీవీకి విడిగా ఒక గూగుల్ ఖాతా తెరచి, దానికి బ్యాంకు కార్డును జతచేయకుండా ఉంచవలెను.
5. రౌటరులో అతిథి నెట్‌వర్కు ఏర్పరచి టీవీని దానికి కలుపవలెను. అప్పుడు టీవీ చెడినా ఇంటిలోని ఇతర పరికరాలను చేరుట కష్టము.
6. యాప్ కోరే అనుమతులు గమనించవలెను. వీడియో ప్లేయరుకు యాక్సెసిబిలిటీ సేవ, ఇతర యాప్‌లను స్థాపించే అధికారం అవసరం లేదు.
7. స్థాపన ముగియగానే "తెలియని మూలాలు" అనుమతిని, డీబగ్గింగును తిరిగి ఆపివేయవలెను.
8. ఇట్టి యాప్‌లు తమంతట తాము నవీకరణ పొందకపోవచ్చు. నెలకొకసారి మూలాన్ని చూచి, వాడనివాటిని తొలగించవలెను.

సాధారణ ఇబ్బందులు

యాప్ స్థాపన కాకపోవుటకు ప్రతిసారీ మాల్‌వేరే కారణం కాదు. చాలా టీవీలలో 64 బిట్ల ప్రాసెసరు ఉన్నా వ్యవస్థ 32 బిట్లదే. అట్టివాటిలో 64 బిట్ల ఫైలు పనిచేయదు. అదే పేరుతో పాత యాప్ వేరొక సంతకంతో ఉన్నపుడు కూడా వ్యవస్థ కొత్తదానిని నిరాకరిస్తుంది. ఇది రక్షణ కొరకు ఏర్పడిన నియమము, కారణం తెలియకుండా పాతదానిని తొలగించి ముందుకు సాగరాదు. ఫోను కొరకు చేసిన యాప్ టీవీ ముఖపుటలో కనబడకపోతే అమరికలలోని యాప్‌ల పట్టికనుండి తెరవవచ్చు. స్పర్శకు ఉద్దేశించిన యాప్ రిమోటుకు లొంగకపోతే మౌసు వాడవలసి వస్తుంది.

చట్టము

సైడ్‌లోడింగును నిషేధించే ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. ప్రదర్శించే విషయం అక్రమమైనపుడు కాపీహక్కుల చట్టం 1957 వర్తిస్తుంది. సినిమాటోగ్రాఫ్ (సవరణ) చట్టం 2023 ప్రకారం సినిమాను అక్రమంగా రికార్డు చేసి ప్రసారం చేయువారికి 3 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, 3 లక్షల రూపాయలు మొదలుకొని నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చు.

గూగుల్ 2025 ఆగస్టులో, గుర్తింపు పొందిన ఆండ్రాయిడ్ పరికరాలలో స్థాపించే యాప్‌ల డెవలపర్లు తమ గుర్తింపును ధ్రువీకరించుకొనవలెనని ప్రకటించినది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూరు, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుండి ఇతర దేశాలకు విస్తరింపజేయుట ఆ ప్రణాళిక. స్వేచ్ఛా సాఫ్టువేరు వర్గాలు దీనిని విమర్శించగా, అనుభవజ్ఞులు హెచ్చరికలను అంగీకరించి స్థాపించుకొనే మార్గముంటుందని 2025 నవంబరులో గూగుల్ తెలిపినది.

మాల్‌వేరు సోకినపుడు

తెలియని యాప్‌లు వాటంతటవే చేరడం, ఏమీ చూడకపోయినా డేటా ఖర్చుకావడం, టీవీ వేడెక్కడం, ప్లే ప్రొటెక్ట్ దానంతట అదే ఆగిపోవడం అనుమానించదగిన లక్షణాలు. అట్టి సందర్భంలో ముందుగా టీవీని ఇంటర్నెట్టునుండి వేరుచేసి, అనుమానిత యాప్‌ను తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను. ఆ టీవీలో వాడిన ఖాతాల సంకేతపదాలను వేరొక పరికరం నుండి మార్చవలెను. మాల్‌వేరు ఫర్మువేరులోనే ఉంటే రీసెట్ వలన పోదు. అట్టి బాక్సు వాడకాన్ని మానివేయుటే శ్రేయస్కరము. దానిని మరొకరికి అమ్ముట ప్రమాదాన్ని ఇంకొక ఇంటికి చేర్చుటే అవుతుంది.

సొమ్ము పోయినపుడు జాతీయ సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోను చేయవలెను. జాతీయ సైబర్ క్రైం పోర్టలులో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తెలంగాణలో ఈ నేరాల పర్యవేక్షణకు 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడినది.

ఇవి కూడా చూడండి

* ఆండ్రాయిడ్
* స్మార్ట్ టీవీ
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* కాపీహక్కు
* తిరుమలగిరి (సికింద్రాబాదు)