భయపెడితే పాఠం వస్తుందా? సిమ్యులేషన్ శిక్షణలో మనఃస్థితి పాత్ర

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జంషెడ్‌జీ టాటా జయంతి వేడుకల్లో చెలరేగిన మంటల్లో 60 మంది మరణించారు, 113 మంది గాయపడ్డారు. మృతుల్లో ఎక్కువమంది మహిళలు, పిల్లలే. అలాంటి ఘడియలో ఒక్కరి నైపుణ్యం చాలదు, బృందం కలిసి కదలాలి. సాక్చి గ్రామం వద్ద మొదలైన ఉక్కు కర్మాగారం చుట్టూ ఎదిగిన నగరమిది. కొలిమి దగ్గరైనా, ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగంలోనైనా ప్రాణాలు నిలిచేది జట్టు పనితోనే.

సిమ్యులేషన్ అంటే?

నిజమైన ప్రమాదం లేకుండా, దాన్ని పోలిన పరిస్థితిని సృష్టించి బృందంతో సాధన చేయించడం. విమానయానం నుంచి ఇది వైద్యానికి, పరిశ్రమలకు విస్తరించింది.

ఒత్తిడి ఎంత?

కొద్దిపాటి ఉద్వేగం ఏకాగ్రతను పెంచుతుంది, మితిమీరితే చెడగొడుతుంది. యెర్క్స్, డాడ్సన్ 1908లోనే ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పనికి తక్కువ ఉద్దీపనే మేలని గమనించారు. కారణం తేలికే: ఒకేసారి మనసులో పట్టే సమాచారానికి పరిమితి ఉంది. ఆ చోటును ఆందోళన ఆక్రమిస్తే పాఠానికి జాగా మిగలదు.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చూపింది. శిక్షణలో బొమ్మ రోగి అనుకోకుండా 'చనిపోయిన' వైద్య విద్యార్థులపై మానసిక భారం ఎక్కువైంది. మూడు నెలల తర్వాత జరిపిన పరీక్షలో, రోగి బతికిన బృందం కంటే వారు వెనకబడ్డారు.

నోరు విప్పే ధైర్యం

1977లో టెనెరీఫ్‌లో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే మీదే ఉందేమోనన్న ఫ్లైట్ ఇంజినీరు సందేహాన్ని కెప్టెన్ తోసిపుచ్చారు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదన్న మర్యాద మన దగ్గరా బలంగానే ఉంది. అవమాన భయం ఉన్నచోట జూనియర్ తప్పును చూసినా చెప్పడు, తన తప్పును అసలే ఒప్పుకోడు.

శిక్షకులు ఏం చేయాలి?

సాధనకు ముందే, ఇది పరీక్ష కాదని, ఇక్కడి పొరపాట్లు బయటకు పోవని చెప్పాలి. కష్టాన్ని మెట్టుమెట్టుగా పెంచాలి. ముగిశాక జరిపే సమీక్షలో మొదట 'మీకెలా అనిపించింది?' అని అడగాలి. ఉద్వేగం చల్లారాకే 'ఏం జరిగింది, ఎందుకు?' అన్న చర్చ తలకెక్కుతుంది. ఆ చర్చలో సీనియర్ తన పొరపాటును ముందుగా ఒప్పుకుంటే, మిగతావారికి నోరు పెగులుతుంది.