పదిహేను నిమిషాల స్మృతి



భద్రాచలానికి ఎదురొడ్డున, బూర్గంపాడు ప్రాంతంలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. 2009 వేసవిలో పూర్వ విద్యార్థి ఒకడు నా చేతిలో ఒక డిస్కు పెట్టాడు. "సార్, ఇది సినిమా కాదు, ఆట. మన హైదరాబాదులోనే చేశారు" అన్నాడు. అది 'గజిని' ఆట. పిల్లల చదువు పాడుచేసే వస్తువని అప్పుడు దానిని బీరువాలో పడవేశాను. ఆ తొందరపాటే నేడు ఈ వ్యాసానికి కారణం.

పోరాట చిత్రాలను ఇంటి కంప్యూటరులోకి దింపే విద్య పాతదే. ఇంగ్లండులో ఓషన్ సంస్థ 1985లో 'రాంబో'ను, 1988లో 'రోబోకాప్'ను ఆటలుగా తెచ్చింది. అవి ఆడిన స్పెక్ట్రమ్ యంత్రానికి ఉన్న స్మృతి 48 కిలోబైట్లు. యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన పదహారు వేల సంకేతాలకు మించి పట్టని చోట బొమ్మ, చప్పుడు, కథ అన్నీ ఇమడాలి! అందుకే కథ జారిపోయి, వీరుడూ శత్రువులూ మాత్రం మిగిలేవారు. మన తోలుబొమ్మలాటలోనూ అంతే గదా. రావణుడి మనసు కనబడదు, పది తలలు కనబడతాయి.

మన దేశంలో 1984-85లో 'క్లాస్' పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో యంత్రాలు వచ్చాయి. మా అడవి అంచు బడిదాకా అవి రాలేదు. మా పిల్లలు చాలాకాలం తరువాత, ఖమ్మంలో కంప్యూటరు నేర్చుకోబోయి, 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఆడి వచ్చేవారు. 1989 నాటి ఆ ఆటలోని కత్తియుద్ధపు కదలికలను జోర్డాన్ మెక్నర్ 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రాన్ని చూసి గీసుకున్నాడు. పిల్లలకు ఆ సంగతి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

ఇక 'గజిని'. మురుగదాస్ 2005లో తమిళంలో తీసిన కథ తెలుగులోకి అనువాదమై వచ్చింది. హిందీ చిత్రాన్ని 2008 డిసెంబరులో మన గీతా ఆర్ట్స్ సంస్థ నిర్మించింది. ఆటను హైదరాబాదులోని ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ తయారుచేసింది. స్పెక్ట్రమ్ నాటి ఇరుకు ఇక్కడ లేదు. ఇది మూడు కొలతల లోకం. అయినా చిత్రానికీ ఆటకూ ఉన్న భేదం గమనించదగినది. చిత్రంలో నాయకుడికి పదిహేను నిమిషాలకు మించి ఏదీ గుర్తుండదు. చనిపోయిన ప్రియురాలి జ్ఞాపకాన్ని ఒంటిమీద పచ్చబొట్లుగా పొడిపించుకుంటాడు. చిత్రానికి ప్రాణం ఆ మరుపే. ఆడేవాడికి మాత్రం అన్నీ గుర్తుంటాయి. దుఃఖం నాయకుడిది, చేతిలో మిగిలేది దెబ్బలాట.

మొన్న బీరువా తెరిచి ఆ డిస్కును నా కంప్యూటరులో పెట్టాను. తెరుచుకోలేదు. తప్పు డిస్కుది కాదు. పదిహేనేళ్ళకు పైగా దానిని పట్టించుకోని నాది. తాటాకు ప్రతి చివికిపోకముందే మరొక ప్రతి రాసుకోవాలని మన పెద్దలకు తెలుసు. బ్రౌను దొర లేఖకులను పెట్టి ప్రతులు రాయించకపోతే ఎన్ని కావ్యాలు మనకు దక్కేవి? ఈ ఆట కావ్యమని నేననను. కాని తెలుగునేల మీద మనవాళ్ళు చేసిన పని. మంచిచెడ్డలు తేల్చడానికైనా ముందు అది మిగిలి ఉండాలి గదా!

మీ ఇంట అటువంటి డిస్కు ఉంటే, ఈ సాయంత్రమే ఒక ప్రతి తీసి దాచండి. మరిచిపోయేలోగా.

స్వస్తి.